2025-26 వార్షిక నివేదిక: ఈ ఏడాది ఎక్కువగా వేసవి బడి గురించే

సభ్యులందరికీ నమస్కారం.

బైలా ప్రకారం ఏడాదికోసారి మన కాలనీ సంఘం కార్యదర్శి నివేదిక చదవాలి. మీటింగులో చదివితే సగం మంది టీ దగ్గర ఉంటారు, మిగతా సగం పార్కింగ్ గొడవ ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తుంటారు, అందుకే ఈసారి ముందే టైప్ చేసి గ్రూపులో పెడుతున్నా, దయచేసి చదివాక థంబ్ పెట్టండి, చదవకముందు కాదు. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను.

ఆగస్టు 15 జెండా పండగ, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి, ఫోటోలు అందరూ చూశారు. మూలమీది లైటు మూడోసారి వేయించాం, మళ్లీ పోయింది. ఇక వీటిని వదిలేసి అసలు సంగతికి వస్తా.

2025 వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి, బడులు తెరిచింది జూన్ 12న. అన్ని రోజులు పిల్లలు ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారని పోయినసారి సర్వసభ్య సమావేశంలో అందరూ గోల పెట్టారు కదా, ఉప్పల్ చుట్టుపక్కల సమ్మర్ క్యాంపులు చూస్తే రోబోటిక్స్ అని, వేదిక్ మ్యాథ్స్ అని, వేల రూపాయల ఫీజు. జీహెచ్ఎంసీ వాళ్ల సమ్మర్ కోచింగ్ క్యాంపులు మంచివే, ఫీజు నామమాత్రమే, కానీ అవి ఆటలకు. అందుకని పిల్లలకు మాత్రమే కాకుండా టీచర్లకూ, తల్లిదండ్రులకూ కలిపి ఒకేచోట ఏదన్నా పెడదాం అని కమిటీలో అనుకున్నాం, అదే ఈ వేసవి బడి. మొదట్లో ఈ ఆలోచనకు నవ్వినవాళ్లున్నారు, పేర్లు రాయను, వాళ్లే తర్వాత ముందు వరుసలో కూర్చుని ఫోటోలు దిగారు.

గవర్నమెంట్ హైస్కూల్లో రెండు గదులు, గ్రౌండు పొద్దున పూట వాడుకుంటామని లెటర్ పెట్టాం. ఆ లెటర్ ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదికి పోవడానికి పట్టిన టైములో మామిడికాయలు పండిపోయాయి. ఒకరు హెడ్మాస్టర్ గారి సంతకం కావాలంటారు, అది తెస్తే పైనుంచి రావాలంటారు, పైకి పోతే సార్ మీటింగులో ఉన్నారంటారు. తాళం వేసి ఉన్న బడిలో నాలుగు బెంచీలు వాడుకోవడానికి ఇంత అవసరమా అని అడిగితే, రూల్స్ అండీ అన్నారు. చివరికి హెడ్మాస్టర్ గారే తన పూచీ మీద తాళాలు ఇచ్చారు, వారికి సంఘం తరఫున చేతులెత్తి దండం. వాచ్‌మన్ దంపతులకూ అంతే, రోజూ మేం వచ్చేసరికి గ్రౌండు ఊడ్చి కుండల్లో నీళ్లు నింపి పెట్టేవాళ్లు, ఎవరూ చెప్పకుండానే.

టీచర్ల సంగతి. మే నెలలో ప్రభుత్వ టీచర్లకు విడతలవారీగా ట్రైనింగులు పెట్టారు, ఎండల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా, కాబట్టి మన దగ్గరికి వచ్చినవాళ్లు అది అయ్యాకో, అవ్వకముందో, సొంత టైములో వచ్చారు. ప్రైవేటు స్కూళ్ల టీచర్లకు ఆ ట్రైనింగులూ ఉండవు, సెలవుల్లో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పుతారు, అలాంటివాళ్లు కూడా నలుగురైదుగురు వచ్చారు. తొలిమెట్టు అనే సర్కారు కార్యక్రమం కింద ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు ఎలా నేర్పుతున్నారో సర్కారు బడి టీచర్లు వీళ్లకు చూపించారు, ఇంగ్లీషు ఫోనిక్స్, అంటే అక్షరాల శబ్దాలు పట్టుకుని చదవడం, వీళ్లు వాళ్లకు చూపించారు. రెండు పక్షాలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడం నేను ఇంతకుముందు చూడలేదు, మామూలుగా మా బడి గొప్ప అంటే మా బడి గొప్ప అనుకోవడమే.

ఇక్కడ ఒకటి చెప్పాలి. సర్కారు పుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో ఉంటున్నాయి, తెరిస్తే ఒక పక్క పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు, అదే పాఠం. ఇది 2022 నుంచి ఉంది, కానీ చాలామంది తల్లులకు దాని ఉపయోగం తెలియదు, పిల్లోడు ఇంగ్లీష్ మీడియం కదా నాకేం అర్థమవుతుంది అని పుస్తకం ముట్టుకోరు. మన తెలుగు టీచరమ్మ చేసిందల్లా ఇంతే, తల్లిని తెలుగు పేజీ పైకి చదవమంది, పిల్లను ఎదురు పేజీలో వేలు పెట్టి ఆ మాట ఎక్కడుందో వెతకమంది. పదో తరగతి ఆపేసిన ఒక అమ్మ ఆరో తరగతి సైన్స్‌లో పాఠమంతా అలా చదివేసి, ఇదంతా నాకు తెలిసిందే గదా అంది. తర్వాత పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్ష యాప్‌లో స్కాన్ చేసి వీడియో చూడటం కూడా నేర్పారు. కొన్ని కోడ్‌లు తెరుచుకోలేదు, నెట్ సంగతి మీకు తెలుసు.

ఇప్పుడు మే 9. దీని గురించి ఎక్కువే రాస్తా, ఏమనుకోకండి.

హైదరాబాద్ మీదుగా సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తిన వస్తాడు, మే 9 దగ్గర ఒకసారి, ఆగస్టు 3 దగ్గర ఇంకోసారి. ఆ పూట మిట్టమధ్యాహ్నం నిటారుగా ఉన్న దేనికీ పక్కకు నీడ పడదు, జీరో షాడో డే అంటారు. ఆగస్టంటే వానాకాలం, మబ్బుల్ని నమ్మలేం, కాబట్టి మే 9నే అనుకున్నాం. అంతకు రెండ్రోజుల ముందే సిటీలో మాక్ డ్రిల్ సైరన్లు మోగాయి, పాకిస్తాన్ సరిహద్దు వార్తలతో అందరూ టీవీలకు అతుక్కుపోయి ఉన్నారు, ఎవరొస్తారులే అని కమిటీలో సగం మంది వాయిదా వేద్దామన్నారు. సూర్యుడు వాయిదా వేస్తాడా అని ఫిజిక్స్ సార్ అడిగితే అందరూ ఊరుకున్నారు.

ఒక మీటరు పీవీసీ పైపు నిలబెట్టాలి, అది సరిగ్గా నిటారుగా ఉండాలి. సార్ గ్రౌండులో నిలబెట్టి బాగుంది అన్నారు. అక్కడే ఉన్న ఒక పాప వాళ్ల నాన్న తాపీ మేస్త్రి, ఆయన కొంచెంసేపు చూసి ఏం మాట్లాడకుండా ఇంటికెళ్లి రసమట్టం, దారానికి కట్టిన గుండు తెచ్చాడు. రసమట్టం పెడితే గ్రౌండే ఒక పక్కకు వాలుగా ఉంది, వానకు నీళ్లు పోవాలని అలా కట్టారట, గుండు వేలాడదీస్తే పైపు పైన వేలెడు పక్కకు ఉంది. ఆయన ఇటుకముక్కలు పెట్టి, ఇసుక సర్ది, ఫ్లైవుడ్ ముక్క మీద పైపు నిలబెట్టి నాలుగు పక్కలా గుండు వేసి చూపించాడు. మా సార్ ఇరవై ఏళ్ల సర్వీసులో లంబం అనే మాట బోర్డు మీద ఎన్నిసార్లు రాశారో గానీ ఆ రోజు మోకాళ్ల మీద కూర్చుని, ఇంకోసారి చూపించు అన్నా అని ఆయన్ని అడిగారు. ఆ పాప ముఖం మీరు చూడాల్సింది.

పదకొండున్నర దాటాక అయిదు నిమిషాలకోసారి పిల్లలు నీడ కొసన చాక్‌పీసుతో గుర్తు పెట్టారు. నీడ పొట్టిదవుతూ పైపు మొదట్లోకి పాక్కుంటూ వచ్చింది. స్టీలు గ్లాసులు, వాటర్ బాటిళ్లు, ఒకావిడ ఏకంగా పూజగదిలోని కుంది తెచ్చి పెట్టారు. 12 గంటల 12 నిమిషాలకు ఏ వస్తువుకూ పక్కన నీడ లేదు, స్టూలెక్కి పైపులోకి పైనుంచి చూస్తే లోపలి ఫ్లైవుడ్ మీద గుండ్రంగా ఎండ పడుతోంది. అది చూడ్డానికి తోసుకున్నారు, ఎందుకంటే ఉండేది నిమిషం రెండు నిమిషాలే, 12.17కల్లా నీడ తూర్పు వైపు రెండు సెంటీమీటర్లు బయటికొచ్చేసింది. చివర్లో వచ్చిన ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఏదండీ జీరో షాడో అని అడిగారు, వాళ్లకు నిన్నటి పేపర్ ఇచ్చి పంపినట్టే అయ్యింది.

అసలు గమ్మత్తు ఆదిలాబాద్‌ది. ఆదిలాబాద్ మనకు దాదాపు సరిగ్గా ఉత్తరాన ఉంటుంది, కాబట్టి మధ్యాహ్నం ఇద్దరికీ ఒకే టైముకు అవుతుంది. మన టీచరమ్మ తమ్ముడు అక్కడ టీచరు, ఆయన కూడా మీటరు పైపే పెట్టి వీడియో కాల్‌లో చూపించారు, అక్కడ నీడ ఉంది, ఉత్తరం వైపు నాలుగు సెంటీమీటర్లు. ఇక్కడ సున్నా, అక్కడ నాలుగు, భూమి గుండ్రంగా ఉండబట్టే కదా ఈ తేడా. దాదాపు 2200 ఏళ్ల కింద ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే ఆయన ఇలాగే భూమి చుట్టుకొలత లెక్కేశాడని సార్ చెప్పి మనల్నీ వెయ్యమన్నారు. మీటరు వ్యాసార్థంతో వృత్తం గీస్తే చుట్టూ 628 సెంటీమీటర్లు, అందులో నాలుగు అంటే 157వ వంతు. నీడ ఆ వృత్తంలో ఎన్నో వంతో, రెండు ఊళ్ల మధ్య దూరం కూడా భూమి చుట్టుకొలతలో అన్నో వంతే, అంటే ఇక్కణ్ణుంచి ఆదిలాబాద్ దూరాన్ని 157తో హెచ్చవేస్తే భూమి చుట్టూ ఎంతో వస్తుంది. పిల్లలు ఫోన్లో రూట్ చూసి 300 కిలోమీటర్లు వేశారు, 47 వేలు దాటింది. సార్ తప్పు అనలేదు, ఎందుకు ఎక్కువొచ్చిందో ఆలోచించండి అని ఊరుకున్నారు. టీచర్లు కూడా నీడ కొలత మీద అనుమానపడుతుంటే వెనకనుంచి ఆటో నడిపే ఒక తండ్రి అన్నాడు, "సార్, రోడ్డు వంకర టింకర పోతది, నీడకు రోడ్డెంబడి పోయే పనేముంది?" మ్యాపు మీద స్కేలు పెట్టి తిన్నగా కొలిస్తే 250 దగ్గర వచ్చింది, 157తో హెచ్చిస్తే 39,250. అసలు లెక్క 40 వేల కిలోమీటర్లు. గ్రౌండంతా చప్పట్లు. నీడ అంచు మసగ్గా ఉంటుంది, ఒక్క మిల్లీమీటరు తేడా పడితే వెయ్యి కిలోమీటర్లు అటూ ఇటూ అయిపోతుంది, మనది కొంత అదృష్టం కూడా అని సార్ అన్నారు గానీ అప్పటికి ఎవరూ వినే స్థితిలో లేరు.

దీనికైన ఖర్చు పైపు, చాక్‌పీసులు, మజ్జిగ. ఫ్లైవుడ్ ముక్క మేస్త్రి గారిది, తిరిగి ఇచ్చేశాం.

టూర్లు రెండు. బిర్లా ప్లానెటోరియం అందరికీ తెలిసిందే. రెండోది సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1901లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, మునగాల రాజా గారు మొదలుపెట్టింది, నిజాం కాలంలో ఇక్కడ తెలుగు పుస్తకాల కోసం పెట్టిన లైబ్రరీ. పరేడ్ గ్రౌండ్స్‌లో మెట్రో మారి వెళ్లాం, పిల్లల కంటే తాతలే ఎక్కువ సేపు అక్కడ ఉండిపోయారు. లైబ్రరీ మాట వచ్చింది కాబట్టి, మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు పోతుంది, అది కడుతూ కూడా మన దగ్గర్లోని బ్రాంచిలో పిల్లల పుస్తకాల బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలీదు. అర్జీ ఇచ్చాం. రసీదు ఉంది. బీరువా అలాగే ఉంది.

వలంటీర్ల గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఏప్రిల్‌లో పేర్లు అడిగితే గ్రూపులో ఎన్ని చేతులు లేచాయో స్క్రోల్ చేసి చూడండి. మొదటి వారం అయ్యేసరికి ఒకరికి పెళ్లిళ్లు, ఒకరికి తిరుపతి, ఒకరికి ఎండ పడదు. ఎండ ఎవరికి పడుతుందండీ? రోజూ పొద్దున ఏడింటికి తాళం తీసి, బెంచీలు తుడిచి, హాజరు రాసింది ఆ వాచ్‌మన్ గారి భార్య, ఇద్దరు డిగ్రీ పిల్లలు, రిటైరైన మన పోస్ట్‌మాస్టర్ గారు, నేను. కమిటీ సభ్యుల్లో కొందరు ముగింపు రోజు శాలువాలకు మాత్రం టైముకు వచ్చారు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పెడతారు, ఆడిట్ సంతకం అయ్యింది. చందాలు వచ్చినంత వచ్చాయి, రావలసినవి ఇంకా ఉన్నాయి, మే నెల మధ్యలో మెట్రో చార్జీలు పెరిగినందువల్ల టూర్ల పద్దు కొంచెం దాటింది, అది నేనూ అధ్యక్షులు గారూ సర్దాం. ప్రశ్నలుంటే మీటింగులో అడగండి, గ్రూపులో కాదు.

ధన్యవాదాలు చెప్పాల్సినవాళ్లు: హెడ్మాస్టర్ గారు, ఫిజిక్స్ సార్, తెలుగు టీచరమ్మ, ఆదిలాబాద్ తమ్ముడు గారు, మేస్త్రి గారు, రోజూ మజ్జిగ పంపిన మూడో లైను అత్తమ్మ గారు, ప్రింటవుట్లు ఊరికే ఇచ్చిన జిరాక్స్ షాపు అబ్బాయి, మైకు ఇచ్చిన టెంట్ హౌస్ వాళ్లు, తమ పిల్లలు లేకపోయినా వచ్చి కూర్చున్న పెద్దలు. ఎవరినన్నా మర్చిపోతే మీటింగులో లేచి చెప్పండి, మినిట్స్‌లో రాయిస్తా.

2026లో మే 9 శనివారం వస్తోంది. ఈసారి ఆదిలాబాద్‌తో పాటు కడపలో కూడా ఒక పైపు నిలబెట్టాలని సార్ ఆలోచన, అక్కడైతే నీడ దక్షిణం వైపు పడుతుంది, అయిదు సెంటీమీటర్ల దాకా ఉండాలి. కడపలో తెలిసిన టీచరుంటే చెప్పండి. స్కూలు పర్మిషన్ లెటర్ ఈసారి ముందుగానే పెడుతున్నాం, దాని వెంట తిరగడానికి ఇద్దరు కావాలి, ఉద్యోగం లేనివాళ్లైతే మంచిది. రోజూ పొద్దున ఏడింటికి వచ్చేవాళ్లు ఆరుగురు కావాలి. పేర్లు మీటింగులో పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి, గ్రూపులో చెయ్యి ఎత్తితే లెక్కలోకి తీసుకోం.

ఇట్లు,
మీ కార్యదర్శి