ఆగిన గంటలకూ కూలి కట్టాలి
దూరప్రాంతాలకు సరుకు తోలే లారీ డ్రైవర్లలో చాలామందికి చక్రం తిరిగినంతసేపే డబ్బు. ఆగిన గంటలకు విలువ లేదు. లోడింగ్ కోసం గోదాము గేటు దగ్గర రాత్రంతా పడిగాపులు కాసేవాళ్లను చూస్తూనే ఉన్నాను. ట్రిప్పు కూలి పైకి బాగానే కనిపిస్తుంది, ఇల్లు వదిలిన గంటలన్నిటితో భాగిస్తే అసలు రంగు బయటపడుతుంది. పోయిన టైము రాబట్టుకోవాలని నిద్ర మానుకుని నడుపుతారు. రోజుకు 9 గంటలకు మించి డ్రైవింగ్ ఉండకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లోనే ఒప్పందం తెచ్చింది. కూలి లెక్క మారకుండా దాన్ని పాటించేదెవరు? గేటులోకి వచ్చిన టైము, బయటికెళ్లిన టైము రసీదు మీద వేయాలి. రెండు గంటలు దాటితే ఆలస్యానికి కారణమైనవారి నుంచే గంటల లెక్కన వసూలు చేసి, ఆ సొమ్ము లారీ ఓనరుకు కాక నేరుగా డ్రైవర్‌కే చేరేలా నిబంధన పెట్టాలి.