మీకు లీటరు పాల బదులు అర లీటరే ఎందుకొస్తోందంటే

వారం నుంచీ బెంగళూరు వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం కస్టమర్ల ఫోన్లు ఆగట్లేదు, ఒకాయనైతే "నీళ్ళన్నా కలిపి లీటరు చెయ్యవయ్యా" అని నవ్వుతూనే అంటించారు. విషయం ఇదండీ.

పలమనేరు దగ్గర ఐదు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) ఆవులు బేరమాడి అడ్వాన్స్ ఇచ్చా. బండిలో తేవాలంటే వెటర్నరీ డాక్టర్ సర్టిఫికెట్ వెంట ఉండాలి, మామూలు లారీలో 6 పశువులకి మించి ఎక్కించకూడదు, 1978 నుంచీ ఉన్న రూల్సే ఇవి. కానీ డాక్టర్ పైపైన చూసి రాసిచ్చిన కాగితంలో రక్తంలో ఏముందో ఎలా తెలుస్తుంది? పోయినేడు ఆ కాగితమే చాలనుకుని ఒక ఆవుని నేరుగా మందలో కట్టేశా, చూడి ఏడో నెలలో ఈసుకుపోయింది (గర్భం పోయింది), నేను ఒట్టి చేతుల్తోనే అంతా ఎత్తి పడేశా, తర్వాత టెస్టు చేయిస్తే బ్రూసెల్లా, అంటే ఆవులకి గర్భం పోయేలా చేసే, మనుషులకీ అంటుకునే జబ్బు. మిగతావాటికీ టెస్టులు చేయించా గానీ మీకు మాత్రం చెప్పలేదు. తప్పే.

ఈసారి కొనేముందే అక్కడే టెస్టులు, ముందు బ్రూసెల్లాకి. ప్లేటు మీద ఒక చుక్క రక్తపు సీరం, పక్కన గులాబీ రంగు మందు చుక్క, కలిపి నాలుగు నిమిషాలు ఊపితే నాలుగింటికి నున్నగానే ఉంది, ఐదోదానికి పాలు విరిగినట్టు గింజలు కట్టింది, అంటే పాజిటివ్. "దూడప్పుడు టీకా ఏసుంటే అట్లనే వస్తాదిలే అన్నా" అన్నాడు అమ్మే ఆయన. అలా రావచ్చు కూడా, కానీ 4-8 నెలల వయసులో వేసే టీకా అది, పెద్దయ్యేసరికి టెస్టులో దాని ప్రభావం మామూలుగా తగ్గిపోతుందన్నారు డాక్టర్, పైగా టీకా వేసినట్టు రికార్డే లేదు. వదిలేశా. దాని అడ్వాన్స్ పోయినట్టే.

టీబీకి మెడ మీద వెంట్రుకలు గీసి, చర్మం మందం కొలిచి, సూది వేసి 72 గంటలాగి మళ్ళీ కొలవాలి, 4 మిల్లీమీటర్లు పెరిగితే పాజిటివ్. మూడు రోజులు అక్కడే పడున్నా. నాలుగూ పాసయ్యాయి.

ఇప్పుడవి హోస్కోటలో వేరే షెడ్డులో ఉన్నాయి, 30 రోజులు, బకెట్లు వేరు, మనిషి వేరు. అప్పటిదాకా వాటి పాలు మీ క్యాన్లలోకి రావు, బిల్లు మాత్రం పంపిన పాలకే వేస్తా. ఇంకోటి, పచ్చిపాలతో స్మూతీ చేసుకునే మేడమ్‌గారూ, ఏ ఆవు పాలైనా సరే పొంగేదాకా కాచాకే వాడండి, ప్లీజ్.