రోడ్డు రోలర్ కింద సైలెన్సర్లు సరే, బిగించినోళ్ళ సంగతేటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

నాది శ్రీకాకుళం, బైక్ మెకానిక్‌ని, ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే పని. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే దిద్దుకోండి. పేపర్లో అప్పుడప్పుడు ఒక ఫొటో వస్తుంటాది, పోలీసులు పట్టుకున్న పెద్ద సౌండ్ చేసే సైలెన్సర్లన్నీ రోడ్డు మీద వరసగా పేర్చి రోలర్‌తో తొక్కిస్తుంటారు, పక్కన ఆఫీసర్లు నిలబడి చూస్తుంటారు, ఏ ఊరిదైనా ఒకటే ఫొటో. చూడ్డానికి బాగుంటాది కాదనను. కానీ ఆ సైలెన్సర్ పోయిన కుర్రాడు ఇంకో రెండు వేలు పట్టుకుని మళ్ళీ ఏదో షాపుకి వెళ్ళి ఇంకోటి బిగించుకుంటాడు, ఆ షాపు ఎక్కడుందని అడిగినోళ్ళని మాత్రం నేనింతవరకూ చూడలేదు.

నేనూ బిగించాను, అది ముందే చెప్పీడం మంచిది. ఎన్ని బిగించానో లెక్క లేదు. కుర్రాడు వచ్చి "అన్నియ్యా, సౌండ్ లేదు బండికి" అంటాడు, మనం కాదంటే పక్క షాపోడు చేస్తాడు, అరగంట పని, మూడొందలు వస్తాయి, ఎవడొదులుకుంటాడు. కంపెనీ సైలెన్సర్ లోపల గొట్టాలు పలకలు ఉంటాయి, సౌండ్ అణచడానికే అవి, అది విప్పీసి లోపల ఏమీ లేని ఖాళీ గొట్టం పెడితే ఇంజిన్ అరుపు మొత్తం బయటికి వస్తాది. 2020 ఏప్రిల్ తర్వాత పొగ తగ్గించే కొత్త రూల్‌తో వచ్చిన బీఎస్ 6 బళ్ళల్లో చాలావాటికి పొగ శుభ్రం చేసే సామాను కూడా దాంతోటే పోతాది, కొన్నిటికి మీటర్లో ఇంజిన్ లైట్ వెలిగి ఆరదు, కుర్రాళ్ళు దాని మీద స్టిక్కర్ అంటించుకుంటారు. పాత కార్బరేటర్ బళ్ళతో ఇంకో సరదా ఉంది, బండి స్పీడ్‌లో ఉండగా కీ ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేస్తారు, మండని పెట్రోల్ గొట్టంలోకి వెళ్ళి అక్కడ ఒక్కసారి అంటుకుంటాది, దీపావళి బాంబులాగ ఢాం అంటాది. గుడి దగ్గరైనా ఆసుపత్రి దగ్గరైనా అంతే. మా షాపు ఎదురింట్లో గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు, సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి తలుపులు వేసుకుని కూర్చుంటాడు.

ఇప్పుడు పోలీసుల దగ్గరకి వస్తాను. పొద్దున్న పది దాటాక ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరో చూడండి, చెట్టు నీడలో నిలబడి సెల్‌తో ఫొటోలు తీస్తుంటారు. ఎవరు దొరుకుతారు? పిల్లని బడిలో దింపి వస్తున్న తండ్రి, పాలు పోసి వెళ్ళే మనిషి, హెల్మెట్ ఇంట్లో మర్చిపోయిన టీచరమ్మ. హెల్మెట్ పెట్టుకోవాలి, అందులో రెండో మాట లేదు, నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలని చట్టంలోనే ఉంది, వెనక కూర్చున్నోళ్ళకి కూడా. నేను చెప్పేది వేరే. ఫొటో చలానా ఎవరికి వెళ్తాది? నంబర్ ప్లేట్ సరిగ్గా ఉన్నవాడికి. 80 అడుగుల రోడ్డులో సాయంత్రం వంద దాటించేవాడి బండికి వెనకాల ప్లేటే కనపడదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళకి విప్పడానికి వీల్లేని లాక్‌తో హై సెక్యూరిటీ ప్లేట్ వస్తుంది కదా, ఆ లాక్‌ని ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే ఊడిపోతాది, ప్లేట్ సీటు కింద పెట్టుకుంటారు, లేదంటే పైకి వంచీస్తారు. అంటే చట్టానికి లొంగినవాడికి వెయ్యి రూపాయల ఫైన్, లొంగనివాడికి ఏమీ లేదు. కెమెరా చేసే పని ఇంతే.

సాయంత్రం పూట చెకింగ్ పెడతారు ఒక్కోసారి, పెట్టరని అనను. అయితే ఎలా పెడతారంటే మలుపు తిరగ్గానే కనపడేలా, ఒక్కసారిగా ముందుకి వచ్చి లాఠీ అడ్డం పెడతారు. డెబ్భై మీద వస్తున్న కుర్రాడు అప్పుడేం చేస్తాడు? లెక్క చెప్తాను వినండి. నలభై స్పీడ్‌లో బండి సెకనుకి 11 మీటర్లు వెళ్తాది, ఎనభైలో 22 మీటర్లు. బ్రేక్ మీద కాలు పడేలోపే ఆ దూరం అయిపోతాది. ఇంక బ్రేక్ పట్టాక ఆగే దూరం, స్పీడ్ రెట్టింపయితే దూరం నాలుగు రెట్లు. పైగా ఈ కుర్రాళ్ళ టైర్లు చూడాలి మీరు, బోడి గుండులాగ ఉంటాయి, సైలెన్సర్‌కి రెండు వేలు ఉంటాయి గానీ టైర్‌కి ఉండవు.

నిరుడు కార్తీకమాసంలో ఇలాగే జరిగింది. మా వీధి చివర ఒక కుర్రాడు, ఇంటర్ రెండో సంవత్సరం, నాగావళి బ్రిడ్జి వైపు నుంచి వస్తూ పోలీసుల్ని చూసి ఉన్నపళంగా బండి వెనక్కి తిప్పి రాంగ్ రూట్లో పరిగెత్తించాడు. అరసవల్లి నుంచి పూల బుట్ట పట్టుకుని వస్తున్న ఒకావిడని గుద్దీసాడు. ఆవిడ తొడ ఎముక విరిగింది, ఇక్కడి రిమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు, అక్కడి నుంచి విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రికి. కుర్రాడికి పళ్ళు రెండు ఊడాయి అంతే. వంగిపోయిన ముందు చక్రం ఫోర్కుతో బండి నా షాపుకే వచ్చింది. చూస్తే ఆ గొట్టం నేను బిగించిందే, వెల్డింగ్ నాదే, నా చేతి పని నాకు తెలీదా. ఆ రోజు నుంచి మానీసాను. గొప్ప కోసం చెప్పడం లేదు, మానేసినందుకు నెలకి నాలుగైదు వేలు తగ్గింది, పక్క షాపోడికి పెరిగింది, అంతే తేడా.

ఆ యాక్సిడెంట్‌లో తప్పు కుర్రాడిది. పోలీసులు కొట్టలేదు, తరమలేదు. కానీ అక్కడ అలా నిలబడటం వల్ల ఏం సాధించారు? పట్టుకోనూ లేదు, ఆవిడ కాలు విరిగింది. చెకింగ్ పెట్టాలంటే దూరం నుంచి కనపడేలా లైట్లు వేసి, బారికేడ్లు రెండు వరసల్లో పెట్టి, వెనక్కి తిప్పుకునే చోట కూడా ఇద్దర్ని పెట్టాలి. మనుషులు చాలరు అంటారు, నిజమే, ఉన్న నలుగురూ సగం రోజులు ఎవరో మంత్రిగారి బందోబస్తుకో రథసప్తమికో వెళ్ళిపోతారు. అందుకే నేననేది, రోడ్డు మీద ఎందుకు పట్టుకోవడం? ఇంటి దగ్గర పట్టుకోండి. ఏ వీధిలో ఎవడి బండి అరుస్తుందో ఆ వీధిలో చంటిపిల్లకి కూడా తెలుసు. టీకొట్టోడిని అడిగితే పేర్లు చెప్తాడు. సాయంత్రం తరమక్కర్లేదు, పొద్దున్న ఏడింటికి వెళ్తే బండి అరుగు పక్కనే స్టాండ్ వేసి ఉంటాది, కుర్రాడు పడుకుని ఉంటాడు.

ఊహించి చెప్తున్న మాట కాదిది, చూసాను నేను. కొన్నేళ్ళ క్రితం ఒక ఎస్సై వచ్చాడు, పేరు ఎందుకు లెండి, బండి పట్టుకుంటే కుర్రాడిని కొట్టేవాడు కాదు, ఫైన్ రాసి వదిలేవాడూ కాదు. తండ్రినో తల్లినో రమ్మనేవాడు. వాళ్ళ ఎదురుగా కంపెనీ సైలెన్సర్ తెప్పించి అక్కడే బిగించమనేవాడు, ఆ పని మీద నేనే నాలుగైదుసార్లు పానాల సంచి పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాను. రెండు నెలలు ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే మా ఎదురింటి పెద్దాయన సాయంత్రాలు అరుగు మీద కూర్చునేవాడు. తర్వాత ఆ ఎస్సైకి ట్రాన్స్‌ఫర్ అయిపోయింది, మళ్ళీ మామూలే.

చట్టం లేదా అంటే బోలెడు ఉంది. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం రోడ్డు మీద రేసు పెడితే మొదటిసారి 5 వేల వరకు ఫైన్ లేదా మూడు నెలల వరకు జైలు, రెండోసారి 10 వేలు, ఏడాది. రాంగ్ రూట్లో ఎదురు రావడం కూడా ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందకే వస్తాది. బండిని ఇష్టమొచ్చినట్టు మార్చినందుకు ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5 వేలు. పద్దెనిమిది నిండని పిల్లాడికి బండి ఇస్తే ఓనర్‌కి, తల్లిదండ్రులకి 25 వేల ఫైన్, మూడేళ్ళ వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లాడికి ఇరవై ఐదేళ్ళు వచ్చేవరకు లైసెన్స్ ఇవ్వరు. పదహారు నిండితే 50 సీసీ లోపు బండి నడపొచ్చని ఇంకో రూల్ ఉంది, ఆ బళ్ళు ఎక్కడున్నాయండీ ఇప్పుడు, లూనాలు ఎప్పుడో పోయాయి.

అయితే ఒక మాట, ఆ 25 వేలు ఎవరి మీద పడతాయో కూడా చూడాలి. మా దగ్గరకి వచ్చే బళ్ళలో సగం ఆర్‌సీలు తల్లి పేరు మీద ఉంటాయి. ఆవిడ బట్టల షాపులో నిలబడి పని చేస్తుంది, డ్వాక్రా లోన్ తీసి డౌన్ పేమెంట్ కట్టింది, ఎందుకంటే వీడు "బండి కొనకపోతే కాలేజీకెల్లను" అని రెండు రోజులు అన్నం మానీసాడు. ఆవిడని జైల్లో పెడతామంటే ఎవరికి మనసొప్పుతాది, పోలీసులకీ ఒప్పదు, అందుకే కేసు రాయరు. జైలు వద్దు, ఫైన్ కూడా వద్దు ఆ ఇంటికి. రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు చేయడం ఒక్కటి చేయండి చాలు. కుర్రాడు ఏడాది బస్సులో వెళ్తాడు, ఆవిడ కిస్తీ కడుతూనే ఉంటాది పాపం, దానికి మాత్రం నాకు దారి తోచడం లేదు.

బండి సీజ్ చేస్తారు కొన్నిసార్లు. సీజ్ చేస్తే ఏమవుతాదో నాకు బాగా తెలుసు, విడిపించుకున్నాక నా దగ్గరకే తోసుకు వస్తారు కాబట్టి. ఎండలో వానలో నెల్లాళ్ళు ఉంటాది, బ్యాటరీ చచ్చిపోతాది, చైన్ తుప్పు పడతాది. అది కూడా ఎవరి బండి? పెద్దోళ్ళ చేత ఫోన్ చేయించుకోలేనివాడిది. మిగతావాళ్ళకి సీజ్ చేసిన పది నిమిషాల్లో ఫోన్ వస్తాది, "మనోడే, చిన్న కుర్రాడు, వదిలీండి" అని. అన్ని పార్టీల వాళ్ళూ చేస్తారు ఆ ఫోన్లు, ఒకరిని అనక్కర్లేదు. ఇంక ఆ పార్టీల బైక్ ర్యాలీలు ఉంటాయి చూడండి, నాయకుడి పుట్టినరోజనీ గెలిచారనీ, సినిమా రిలీజ్‌కి ఫ్యాన్సూ అంతే, రెండొందల బళ్ళు, సైలెన్సర్లు ఊడదీసి, ఒక్కో బండి మీద ముగ్గురు, ఒక్కడికి హెల్మెట్ ఉండదు. ముందు పోలీస్ జీపు దారి చూపిస్తుంటాది, వెనక ఇంకో జీపు. ఆ ర్యాలీకి ముందు రోజు మా షాపుల్లో ఎంత గిరాకీ ఉంటాదో చెప్తే మీరు నమ్మరు. ఆ రోజు ఊరంతా చూస్తుండగా తప్పు కానిది తెల్లారేసరికి తప్పెలా అవుతాదని ఒక కుర్రాడు నన్నే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

హెల్మెట్ల గురించి కూడా ఒక ముక్క. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ అమ్మకూడదు. హైవే పక్కన ప్లాస్టిక్ చిప్పలు రెండొందలకి అమ్ముతూనే ఉన్నారు, పోలీసులు నిలబడ్డ చోటుకి కూతవేటు దూరంలో. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్ట్ చేసి నిద్రకళ్ళతో హైవే మీద ఇంటికొచ్చేవాళ్ళు అవే పెట్టుకుంటారు, చలానా తప్పుతుందని. వాళ్ళకి ఫైన్ తప్పుతాది, కింద పడితే తల పగలడం తప్పదు. కుర్రాళ్ళయితే మంచి హెల్మెట్ కొంటారు, మోచేతికి తగిలించుకుంటారు, జంక్షన్ వచ్చినప్పుడు నెత్తిన పెట్టి దాటగానే తీసీస్తారు.

పోలీసులకి నేను అడిగేది పెద్దదేం కాదు. టౌన్‌లో మెకానిక్ షాపులు, స్పేర్ పార్ట్స్ షాపులు, స్టిక్కర్ల షాపులు అన్నీ కలిపినా ఒక రోజులో తిరిగి రావచ్చు. ఒక్కసారి రండి, రిజిస్టర్ పెట్టించండి, ఎవరి బండికి ఏ సైలెన్సర్ మార్చామో నంబర్‌తో సహా రాయమనండి. రాయాలంటే సగం మంది మేస్త్రీలు భయపడి మానీస్తారు, నన్ను నమ్మండి, మా వాళ్ళ సంగతి నాకు తెలుసు. రెండు వేల రూపాయల సైలెన్సర్ల పెట్టెలు ఏ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో దిగుతున్నాయో కూడా చెప్తాం అడిగితే. మాకు భయమా అంటే ఉంది, కుర్రాళ్ళు షాపు మీదకి వస్తారేమో అని, అందుకే ఈ ఉత్తరం కింద పేరు రాయడం లేదు.

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. నేను మానక ముందు గొట్టం బిగించుకున్న కుర్రాళ్ళు కంపెనీ సైలెన్సర్ ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళు కాదు, ఇంట్లో అడుగుతారని నా దగ్గరే వదిలీసేవాళ్ళు. పోలీసులు పట్టుకున్నప్పుడు పరిగెత్తుకొచ్చి ఇది బిగించుకుని వెళ్ళి చూపించి, మర్నాడు మళ్ళీ వచ్చి విప్పమనేవాళ్ళు. అలా మా అటక మీద ఏడు ఉన్నాయి ఇప్పటికీ, చాక్‌పీస్‌తో పేర్లు రాసి. ఆ పేర్లున్న కుర్రాళ్ళో వాళ్ళ అమ్మానాన్నో ఈ ఉత్తరం చదివితే ఆదివారం పొద్దున్న బండి పట్టుకురండి, కూలి తీసుకోను, సైలెన్సర్ అతుకులో వేసే గాస్కెట్ డబ్బులు ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక బైక్ మెకానిక్,
శ్రీకాకుళం.