స్పీకర్లు కొనే ముందు

చెన్నై

చిట్టితల్లీ,

వైట్‌ఫీల్డ్ ఫ్లాట్ హాలు ఫొటోలూ, నువ్వు మనసు పడ్డ స్పీకర్ల ఫొటోలూ చూశాను. ఆ సన్నటి తెల్ల టవర్లు నిజంగా ముచ్చటగా ఉన్నాయి. అడ్వాన్సు కట్టే ముందు మాత్రం ఇది ఒకసారి చదువుకో.

స్పీకర్ పెట్టె అందంలో కొంత చెవికి తెలియదు, కొంత తెలుస్తుంది. రంగు, వెనీరు (పైన అతికించే పల్చటి చెక్క), పాలిష్ చెవికి తెలియవు. టేకు వెనీరైనా, తెల్ల లాకరైనా నీ ఇష్టం. ముందు పలక అంచులు, లోపల ఉన్న చోటు, నువ్వు నిలబెట్టే జాగా చెవికి తెలుస్తాయి. వీటి దగ్గర అందం కోసం రాజీ పడకు.

ముందు అంచులు. పలక మూల పదునుగా ఉంటే ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న గుమ్మటం) శబ్దం అక్కడ చెదిరి, రవ్వంత ఆలస్యంగా చెవికి చేరుతుంది. వీణ మీటు మసకబారేది అందుకే. అమెరికా ఆడియో ఇంజనీరు హ్యారీ ఓల్సన్ 1951లో ప్రచురించిన కొలతల్లో రకరకాల ఆకారాల పెట్టెల్లో గోళమే అన్నిటికన్నా సాఫీగా పలికింది. అంచులు గుండ్రంగా చెక్కినవాటిని ఎంచుకో. 1993లో వచ్చిన బవర్స్ అండ్ విల్కిన్స్ కంపెనీ స్పీకర్ నాటిలస్ నత్తగుల్లలా ఉండటానికి కారణం కూడా శబ్దమే. స్పీకర్లో అదిరే కోను వెనక్కి వదిలే శబ్దం పోనుపోను సన్నబడే గొట్టంలో అణిగిపోతుంది. అలా పుట్టిన అందమంటే నాకు ప్రాణం.

ఇక సన్నదనం. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ పవర్‌తో గట్టిగా మోగడం: ఈ మూడిట్లో రెండే దొరుకుతాయి. అంతే సులువుగా మోగుతూ ఒక స్థాయి కిందికి, అంటే 80 హెర్ట్జ్ నుంచి 40కి దిగాలంటే పెట్టె 8 రెట్లు పెరగాలి. అందుకే సన్న టవర్ల సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా మోగుతాయన్న కొలత, చాలాసార్లు తక్కువ. 88 డెసిబెల్స్ ఉన్నదాని బదులు 85 ఉన్నది కొంటే అదే మోతకు ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు కావాలి. ఆ ఖర్చూ లెక్కలో వేసుకో.

షోరూములో పక్క పలక మధ్యలో వేలి కణుపుతో కొట్టి చూడు. "టక్" అని పొట్టిగా ఆగిపోతే లోపల అడ్డకొయ్యలు బాగా వేసినట్టు. "డొం" అని సాగితే ఆ పలక ప్రతి పాటలోనూ తన గొంతు కలుపుతుంది. వూఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద కోను) చుట్టూ ఉన్న అంచు రబ్బరేనా అనీ చూడు. ఫోమ్ అయితే మన చెన్నై గాలికి కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది, మీ బెంగళూరులోనైనా ఎన్నాళ్లో నిలవదు.

అసలు గొడవ జాగా దగ్గరే. ఇంటీరియర్ వాళ్లు టీవీ యూనిట్ గూట్లో పెడదామంటారు, ఒప్పుకోకు. 20 సెంటీమీటర్ల వెడల్పు పెట్టె సుమారు 570 హెర్ట్జ్ కిందికి వెళ్లేకొద్దీ శబ్దాన్ని వెనక్కీ చుట్టేస్తుంది. ఆ నష్టం పూడ్చడానికి క్రాసోవర్‌లో (శబ్దాన్ని వూఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే సర్క్యూట్) కింది స్వరాలను ముందే పెంచి ఉంచుతారు. గూట్లో పెడితే శబ్దం వెనక్కి చుట్టదు, పెంచింది మాత్రం అలాగే ఉంటుంది. మగ గొంతు బిందెలోంచి వచ్చినట్టుంటుంది.

వూఫర్ ముఖం నుంచి వెనక గోడకు 60 సెంటీమీటర్లుంటే 143 హెర్ట్జ్ దగ్గర గోడ తిప్పికొట్టిన శబ్దం నేరుగా వచ్చేదాన్ని తినేస్తుంది. మీటరు ఉంటే ఆ గుంట 86కి దిగుతుంది. గుంట ఎక్కడో ఒకచోట తప్పదు. పక్క గోడకూ అదే దూరం ఉంటే రెండు గుంటలూ ఒకేచోట పడి మృదంగం తొప్పి వైపు డీలా పడిపోతుంది. కాబట్టి ఆ రెండు దూరాలూ వేరువేరుగా ఉంచు. ట్వీటర్ సోఫాలో కూర్చున్న నీ చెవి ఎత్తుకు రావాలి. మీ సోఫా తక్కువ ఎత్తు, కొలుచుకో. స్పీకర్ అడుగున ఉండే మేకుల్లాంటి స్పైకుల కింద ఇత్తడి బిళ్లలు వెయ్యి, లేకపోతే టైల్స్ గీసుకుపోతాయి.

హాలు మధ్యలో చప్పట్లు కొట్టి చూడు. "టింగ్" అని మోగితే ఆ నున్నటి నేలకూ బాల్కనీ అద్దానికీ తివాచీ, మందపాటి కర్టెన్ పడాల్సిందే. నువ్వు సోఫాలో కూర్చో, అల్లుడుగారిని పక్క గోడ మీద అద్దం జరుపుతూ వెళ్లమను. అద్దంలో ట్వీటర్ ఎక్కడ కనిపిస్తే అక్కడే శబ్దం గోడకు తగిలి నీ చెవికి వస్తుంది, అక్కడ పుస్తకాల అల్మారా పెట్టు.

వినేటప్పుడు గ్రిల్ బట్ట తీసెయ్యి, బుజ్జిగాడు మెలకువగా ఉన్నప్పుడు మాత్రం తగిలించు. ట్వీటర్ గుమ్మటం వేలితో నొక్కితే సొట్టపోతుంది. లోహానిదైతే ఆ మడత ఇక పోదు.

సోఫా వెనక నుంచి గోడకు ఎంత ఉందో టేపు పెట్టి కొలిచి పంపు. దాన్నిబట్టి టవర్లా, స్టాండు మీద చిన్నవా అన్నది తేల్చుకుందాం.

ప్రేమతో,
అమ్మ