పాస్‌వర్డ్ మార్చుకుంటే ఆగే దాడులు కావివి

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో సైబర్ యుద్ధం మీద రెండు పేజీల కథనం వేశారు. చదివి వదిలేద్దామనుకున్నాను కానీ రోజులు గడుస్తున్నా మనసులోంచి పోవడం లేదు. దేశాల మధ్య కంప్యూటర్లతో జరుగుతున్న పోరు గురించి అంత వివరంగా చెప్పి, చివర్లో రంగు పెట్టె కట్టి పాఠకులకు సలహాలిచ్చారు. పాస్‌వర్డ్‌లు తరచూ మార్చుకోవాలట, తెలియని లింకులు నొక్కకూడదట, ఉచిత వైఫై వాడకూడదట. సైన్యాలూ గూఢచార సంస్థలూ చేసే పనికి మామూలు మనిషి కాపలా కాయాలా? మీ ఒక్క పత్రికనే అనడం లేదు. ఎక్కడ ఏ దాడి జరిగినా ప్రభుత్వాలదీ ఇదే పాట, టీవీలదీ ఇదే పాట. వినీ వినీ విసుగొచ్చింది.

2017 జూన్ 27న నోట్‌పెట్యా అనే వైరస్ దాడి జరిగింది. అందులో ఎవరు ఏ లింకు నొక్కారు? ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకు చాలా సంస్థలు వాడే ఎం.ఇ.డాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దాడి చేసినవాళ్లు ఆ కంపెనీ సర్వర్లలోకి చొరబడి, ఎప్పుడూ వచ్చే అప్‌డేట్‌తో పాటే వైరస్‌ను పంపించారు. అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేసుకోమని చెప్పేది ఈ నిపుణులే కదా. ఆ మాట విన్నవాళ్లే ముందు దెబ్బతిన్నారు. పోనీ ఉక్రెయిన్‌తో ఆగిందా? డెన్మార్క్ నౌకా రవాణా సంస్థ మేర్స్క్ 4,000 సర్వర్లలో, 45,000 కంప్యూటర్లలో అన్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాల్సి వచ్చింది. ఆ ఒక్క సంస్థకే 30 కోట్ల డాలర్ల దాకా నష్టం. మొత్తం నష్టం 1,000 కోట్ల డాలర్లకు పైనేనని అమెరికా అధికారుల అంచనా. ఇది రష్యా సైన్యం పనేనని అమెరికా, బ్రిటన్ 2018 ఫిబ్రవరిలో ప్రకటించాయి. రష్యా కాదంది. 2020 అక్టోబర్‌లో ఆ దేశ సైనిక గూఢచార సంస్థకు చెందిన ఆరుగురిపై అమెరికా కేసు పెట్టింది. ఇంతవరకూ వాళ్లు బోనెక్కింది లేదు.

నష్టపోయినవాళ్ల గతి ఏమైందో మీ కథనంలో ఒక్క ముక్క లేదు. నోట్‌పెట్యాలో దెబ్బతిన్న మెర్క్ అనే మందుల కంపెనీ 140 కోట్ల డాలర్లు ఇప్పించమని బీమా కంపెనీలను అడిగితే, ఇది యుద్ధం, యుద్ధానికి మా పాలసీ వర్తించదు అన్నాయి. ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచింది. న్యూజెర్సీ కోర్టు 2021 డిసెంబర్‌లో మెర్క్ వైపు తీర్పు చెప్పింది, 2023లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. ఈలోగా బీమా రంగం జాగ్రత్తపడింది. 2023 మార్చి 31 నుంచి రాసే సైబర్ పాలసీల్లో, ఒక దేశాన్నే స్తంభింపజేసే స్థాయిలో ప్రభుత్వాలు చేయించే దాడులకు పరిహారం ఉండదని స్పష్టంగా రాయాలని లండన్‌లోని బీమా మార్కెట్ లాయిడ్స్ తన సభ్యులను ఆదేశించింది. అంటే యుద్ధం అని ఏ ప్రభుత్వమూ ప్రకటించదు, సైన్యమేదీ మనకు అడ్డు నిలవదు, బీమా మాత్రం యుద్ధం కాబట్టి రాదు. మధ్యలో నలిగేది ఎవరు? ఆస్పత్రి, కర్మాగారం, అక్కడ పనిచేసేవాళ్లు. రెండు పేజీల్లో దీనికి నాలుగు వాక్యాలు దొరకలేదా?

నాకు అన్నిటికన్నా ఎక్కువ మండిపోయేది వాన్నాక్రై అనే వైరస్ సంగతి. విండోస్‌లో ఒక లోపం ఉందని అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏకి ముందే తెలుసు. ఏళ్ల తరబడి మైక్రోసాఫ్ట్‌కు చెప్పలేదు. ఇతరుల కంప్యూటర్లలోకి దూరడానికి పనికొస్తుందని దాచుకుని, దాని మీద ఎటర్నల్‌బ్లూ అనే ఆయుధం తయారు చేసుకుంది. ఊళ్లో అందరి తలుపులకూ ఒకే తాళం ఉండి, అది ఊరికే ఊడొస్తుందని తెలిసిన కాపలాదారు ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నట్టుంది ఇది. చివరికి ఆ ఆయుధం అక్కడి నుంచి బయటికి పొక్కింది. షాడో బ్రోకర్స్ అని పేరు పెట్టుకున్నవాళ్లు 2017 ఏప్రిల్‌లో దాన్ని ఇంటర్నెట్‌లో పడేశారు. మే 12న వాన్నాక్రై మొదలై 150కి పైగా దేశాలకు పాకింది. దీనికి కూడా ఎవరూ లింకు నొక్కనక్కర్లేదు, ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు తనంతట తానే వెళ్తుంది. ఇంగ్లండ్‌లో కనీసం 80 ప్రభుత్వ ఆస్పత్రి ట్రస్టులు దెబ్బతిన్నాయి. 19,000కు పైగా అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని వాళ్ల ఆడిట్ సంస్థ నివేదికే చెప్పింది. ఎన్నాళ్లుగానో ఎదురుచూసి ఆపరేషన్ కోసం వచ్చిన రోగిని వెనక్కి పంపితే, ఆ మనిషి తన పాస్‌వర్డ్ మార్చుకోకపోవడం వల్లనా అలా జరిగింది?

ఈ దాడి చేసింది ఉత్తర కొరియా అని ఆ ఏడాది డిసెంబర్‌లో అమెరికా ప్రకటించింది. సరే, చేసినవాడి తప్పు చేసినవాడిదే. లోపం తెలిసీ దాచినవాళ్ల మాటేమిటి? వాళ్లను అడిగిందెవరు? మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు అప్‌డేట్ విడుదల చేసింది, హెచ్చరికలూ వెళ్లాయి. అయినా రెండు నెలలపాటు దాన్ని వేయని ఆస్పత్రి యంత్రాంగాల మాటేమిటి?

లోపాలు దాచుకునే అలవాటు ఒక్క దేశానిది కాదు. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రంలో యురేనియాన్ని శుద్ధిచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాలను పాడుచేసిన స్టక్స్‌నెట్ అనే వైరస్ 2010లో బయటపడింది. అప్పటికి మరమ్మతు లేని నాలుగు విండోస్ లోపాలు అందులో వాడారు. అది అమెరికా, ఇజ్రాయెల్ కలిసి చేసిన పని అని ప్రపంచమంతా అనుకుంటున్నా, మేమే చేశామని ఇప్పటికీ ఏ ప్రభుత్వమూ అధికారికంగా ఒప్పుకోలేదు. కనిపెట్టిన లోపాన్ని చెప్పాలా దాచాలా అని తేల్చే నిబంధనలను అమెరికా 2017 నవంబర్‌లో బయటపెట్టింది, కానీ తేల్చేది ప్రభుత్వ శాఖలూ గూఢచార సంస్థలే. చైనా 2021 నుంచి ఇంకో దారి పట్టింది. అక్కడ కంపెనీలు తమ ఉత్పత్తుల్లో లోపం బయటపడితే 48 గంటల్లో ప్రభుత్వానికి చెప్పి తీరాలి. ఆ తర్వాత ప్రభుత్వం దాన్ని ఏం చేస్తుందో అడిగే హక్కు ఎవరికుంది?

నియమాలు లేక కాదు ఇదంతా. శాంతికాలంలో ప్రజలకు సేవలందించే కీలక వ్యవస్థలను దెబ్బతీయకూడదన్నది కూడా కలిపి, 20 దేశాల నిపుణులు 2015లో ఐక్యరాజ్య సమితి కోసం 11 నియమాలు రాశారు. అమెరికా, రష్యా, చైనా మూడూ ఆ బృందంలో ఉన్నాయి. ఆ నివేదికను అనుసరించమని సభ్య దేశాలను కోరుతూ సర్వసభ్య సభ తీర్మానం చేసింది 2015 డిసెంబర్ 23న. సరిగ్గా అదే రోజు పశ్చిమ ఉక్రెయిన్‌లో విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లలో మౌస్ బాణం దానంతట అదే కదులుతూ ఒక్కొక్క సబ్‌స్టేషన్‌నూ ఆపేసింది. సిబ్బంది కళ్లప్పగించి చూడటం తప్ప చేయగలిగింది లేకపోయింది. చలికాలంలో సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కొన్ని గంటలు కరెంటు లేదు. ఫిర్యాదు చేద్దామంటే కాల్ సెంటర్లను కూడా దొంగ కాల్స్‌తో నింపేశారు. ఆ దాడి ఉద్యోగులకు వచ్చిన ఈమెయిల్ అటాచ్‌మెంట్‌తోనే మొదలైందని, అందుకే జాగ్రత్తలు చెబుతున్నామని మీరు అనవచ్చు. జాగ్రత్త వద్దని నేనూ అనను. కానీ ఒక గుమస్తా మెయిల్ తెరిచాడనే దగ్గరే మన చర్చ ఆగిపోతే, నెలల తరబడి పథకం వేసి ఒక ప్రాంతానికి కరెంటు తీసేసినవాళ్ల గురించి ఎప్పుడు మాట్లాడతాం?

యుద్ధంతో సంబంధం లేనివాళ్లకూ ఇదే బాధ. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి ప్రవేశించడానికి సుమారు గంట ముందు వయాశాట్ ఉపగ్రహ ఇంటర్నెట్ మోడెమ్‌లను పనికిరాకుండా చేశారు. ఎక్కడో జర్మనీలో 5,800 గాలిమరలకు దూరం నుంచి నడిపే సంబంధం తెగిపోయింది.

రెడ్‌క్రాస్‌ను కూడా వదల్లేదు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సర్వర్లలోకి చొరబడి, 5,15,000 మందికి పైగా అభాగ్యుల వివరాలు తీసుకున్నారని 2022 జనవరిలో తెలిసింది. యుద్ధాల వల్లా వలసల వల్లా విపత్తుల వల్లా అయినవాళ్లకు దూరమైనవాళ్లు, ఆచూకీ తెలియనివాళ్లు, వాళ్ల కోసం వెతుకుతున్న కుటుంబాలు. చొరబాటుదారులు 70 రోజులు లోపలే ఉన్నారు. ఎవరు చేశారో ఈ రోజుకీ ఎవరూ అధికారికంగా తేల్చలేదు. యుద్ధరంగంలో ఎర్ర శిలువ గుర్తున్న బండిని కాల్చకూడదన్న నియమం ఎంత పాతది! దానికున్న గౌరవం ఆ సంస్థ సర్వర్‌కు ఎందుకు లేదు?

ఇక అధికారుల ప్రకటనలు. జరిగింది పెద్దదైనా ముందు చిన్నదే అంటారు. అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల వివరాలుండే కార్యాలయంలో దొంగతనం జరిగితే 2015 జూన్‌లో 40 లక్షల మంది అన్నారు, జులైలో 2.15 కోట్లు అన్నారు. వేలిముద్రల లెక్క మొదట 11 లక్షలు, సెప్టెంబర్‌కల్లా 56 లక్షలు. ఆ వ్యవస్థ భద్రంగా లేదని సొంత తనిఖీ అధికారులే అంతకుముందు ఏళ్లుగా చెబుతూ వచ్చారు. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, వేలిముద్ర ఎలా మార్చుకుంటారు? ఒకప్పుడు ఇలాంటి వైఫల్యానికి బాధ్యులెవరో తేలేదాకా పత్రికలు వెంటపడేవి. ఇప్పుడు ప్రకటన వస్తే చాలు, అక్షరం పొల్లుపోకుండా అచ్చేసి చేతులు దులుపుకుంటున్నారు. ఈ మాట బాధతోనే అంటున్నాను.

మనిషి ప్రమేయం లేకుండా గురి చూసి చంపే యంత్రాల విషయంలోనూ ఇదే జాప్యం చూస్తున్నాం. వాటిపై 2026 కల్లా ఒప్పందం కుదరాలని ఐరాస ప్రధాన కార్యదర్శి గుటెరస్ పిలుపునిచ్చారు. 2024 డిసెంబర్‌లో 166 దేశాలు ఆ దిశగా చర్చలకు ఓటేశాయి. ఆయుధాలు తయారయ్యే వేగం ఎక్కడ, ఈ చర్చల వేగం ఎక్కడ?

మీరూ, మీ నిపుణులూ రాయాల్సింది ఒకటుంది. రసాయనిక ఆయుధాలు వాడారన్న ఆరోపణ వస్తే హేగ్‌లో రసాయనిక ఆయుధాల నిషేధ సంస్థ ఓపీసీడబ్ల్యూ ఉంది, నమూనాలు సేకరించి పరీక్షిస్తుంది. అణు పదార్థం దారి తప్పితే వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నుంచి ఇన్‌స్పెక్టర్లు వెళ్తారు. ఆస్పత్రిని స్తంభింపజేసిన కంప్యూటర్ దాడిని పరిశోధించి, చేసింది ఫలానా ప్రభుత్వమని సాక్ష్యాలతో చెప్పగల అంతర్జాతీయ సంస్థ ఒక్కటీ లేదు. 2024 డిసెంబర్‌లో సమితి ఆమోదించిన సైబర్ నేరాల ఒప్పందం నేరగాళ్ల గురించి, ప్రభుత్వమే నేరం చేస్తే ఏమిటన్నది అందులో లేదు. 2017లో మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ అటువంటి సంస్థ కావాలని, యుద్ధంలో పౌరులను కాపాడే జెనీవా ఒప్పందం లాంటిది డిజిటల్ యుగానికీ ఒకటి కావాలని అడిగారు. ఒక కంపెనీ అడిగిన మాటను ప్రభుత్వాలు ఇన్నేళ్లుగా ఎందుకు పక్కన పెట్టాయో, కనిపెట్టిన లోపాలను ఎన్నాళ్లు దాచుకుంటున్నాయో బాధ్యత గలవాళ్లను అడిగి, వాళ్ల జవాబులను మీ మొదటి పేజీలో ప్రచురించండి.

ఇట్లు,
మీ పాఠకుడు