సంతకం పెట్టే ముందు

ఆక్లాండ్

అన్నయ్యా,

మీరంతా కులాసా అని తలుస్తాను. సెమిలిగుడ అవతల మన మెట్టు పొలంలో సినిమావాళ్ళు ఊరి సెట్ వేస్తామంటున్నారని నాన్న ఫోన్లో చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. ఇవ్వొద్దని అనను, నేను తినేదీ ఇక్కడ సినిమా సెట్ల పని మీదే. కాకపోతే సంతకానికి ముందు కొన్ని విషయాలు రాయించుకో.

సెట్ వేసేటప్పుడు ఉండే జనం విప్పేటప్పుడు ఉండరు. ప్యాకప్ అయ్యాక అందరి ధ్యాసా తర్వాతి లొకేషన్ మీదే. అందుకే సెట్‌లో మొక్కలూ నేలా చూసుకునే మా విభాగం వాళ్ళం ముందే ఫోటోలు తీసిపెట్టుకుంటాం: గట్లు, చెట్లు, నీళ్ళు పారే దారి, అన్నీ తేదీలతో. నువ్వూ తియ్యి.

అన్నిటికన్నా ముఖ్యం పైమట్టి. ఇక్కడ జానెడు లోతు తీసి, విడిగా కుప్పపోసి కప్పి ఉంచుతాం, అడుగుమట్టితో కలవనివ్వం. ఆఖర్న మళ్ళీ పరుస్తాం. మన ఎర్రనేలలో సారమంతా ఆ పొరలోనే ఉంది కదా! జేసీబీతో నెట్టేసి చదును చేశారంటే చోళ్ళు, ఒలిసెలు మళ్ళీ మునుపట్లా పండడానికి ఏళ్ళు పడుతుంది. క్రేన్లు, జనరేటర్ బళ్ళు తిరిగిన చోట నేల బిగిసిపోయి వాననీరు ఇంకదు. వాళ్ళ ఖర్చుతోనే లోతుదుక్కి చేయించాలని రాయించు.

ఈమధ్యే ఒక గొర్రెల బీడులో సెట్ విప్పాం. చెక్కలన్నీ లారీ ఎక్కేశాయి, కంటికి నేల శుభ్రంగానే ఉంది. చక్రాల అయస్కాంతం లాగితే గడ్డిలోంచి మేకులు, స్టేపుల్ పిన్నులు గుత్తులుగా అంటుకొచ్చాయి. నిలువుగా లాగాక అడ్డంగా లాగితే మళ్ళీ వచ్చాయి. మన ఎడ్ల గిట్టల్లో అవి దిగితే? థర్మకోల్ పూసలు గెడ్డ నీళ్ళలో పడితే ఇక ఏరలేం. సెట్ పక్కనే గోతిలో పాతేస్తామంటే అస్సలు ఒప్పుకోవద్దు.

సెట్ అలాగే ఉంచేస్తే చూడ్డానికి జనం వస్తారని నాన్న ఆశ. ఇక్కడి మాటమాటా ఊరి దగ్గర ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాలకి వేసిన హాబిటన్ సెట్‌కి అలాగే వస్తున్నారు, నిజమే. కానీ మొదటి సెట్ ప్లైవుడ్, థర్మకోల్‌తో చేసింది, నిలిచేది కాదు. 2009 నుంచి గట్టి సామగ్రితో మళ్ళీ కట్టారు. ఆ ఖర్చు మనవల్ల అవుతుందా? పైగా జనం వస్తే చెత్తా వస్తుంది. 2025 మార్చిలో రాజమౌళి గారు మన దేవమాలి కొండ ఎక్కి, దారంతా చెత్తేనని బాధపడ్డారు కదా.

అద్దె వేరుగా, డిపాజిట్ వేరుగా ఉండాలి. వానలు పడి, నీళ్ళు పాత దారినే పారుతున్నాయని నువ్వు చూసుకున్నాకే డిపాజిట్ తిరిగివ్వాలి. మన మెట్టు మీదుగా పశువుల్ని తోలుకెళ్ళే పరజ గిరిజనుల్నీ ఓ మాటడుగు, ఆ బాట మూసెయ్యకూడదు.

కాగితం ఒడియాలో ఉంటే నాన్నకి తెలుగులో చదివి వినిపించు. ఫోటో తీసి నాకూ పంపు, నేను చూసి చెప్పేదాకా ఆగండి. వదినని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ చెల్లి