ఆకలిగొన్నవాడి దగ్గర మతాలు

అమలాపురం

చి. శ్రావణికి నాన్న ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నీ హాస్టల్ గదిలో రాత్రి పొద్దుపోయేదాకా సాగిన వాదన గురించి రాసినదంతా చదివాను. "అన్ని మతాలూ చెప్పేది ఒక్కటే" అని ఒక అమ్మాయి అన్నదనీ, "అయితే ఇన్ని మతాలెందుకు?" అని నువ్వు అడిగితే ఎవరూ జవాబు చెప్పలేకపోయారనీ రాశావు. ఆ మాట వినడానికి మర్యాదగానే ఉంటుంది కాని, నిజం కాదమ్మా. క్రైస్తవులకూ ముస్లింలకూ మనిషికి ఒకటే జన్మ, ఆ తర్వాత తీర్పు. మనకూ సిక్కులకూ జన్మల పరంపర. ఏసును క్రైస్తవులు దేవుని కుమారుడని నమ్ముతారు. ఆయనను ప్రవక్తగా ఎంతో గౌరవించే ముస్లింలు ఆ ఒక్క మాటను మాత్రం ఒప్పుకోరు. సృష్టికర్త అనే దేవుణ్ణే జైనులు అంగీకరించరు. ఇంతటి తేడాలను "అంతా ఒక్కటే" అని తుడిచేయడం ఎవరి విశ్వాసానికీ గౌరవం కాదని నా అభిప్రాయం.

అయితే దేవుడి గురించి ఇంతగా విభేదించేవారు ఆకలితో వాకిట్లో నిలబడ్డ మనిషి దగ్గరకు వచ్చేసరికి ఆశ్చర్యపోయేంతగా ఒకే మాట మాట్లాడతారు. నీ ప్రశ్నకు జవాబు అక్కడి నుంచి వెతకాలని నాకు అనిపిస్తుంది.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో అంత్యతీర్పు నాడు ప్రభువు, "నేను ఆకలిగొన్నాను, మీరు నాకు భోజనం పెట్టారు" అంటాడు. మేము నిన్ను ఎప్పుడు ఆకలితో చూశామని వాళ్లు తెల్లబోతే, అల్పులైన నా సోదరులలో ఒకరికి చేసినది నాకు చేసినట్టేనని బదులిస్తాడు. కొన్ని వందల ఏళ్ల తర్వాత, అరేబియాలో, ముహమ్మద్ ప్రవక్త చెప్పినదిగా సహీహ్ ముస్లిం సంకలనంలో ఉన్న హదీసు చూడు. ప్రళయదినాన అల్లాహ్ మనిషిని, "నేను అన్నం అడిగితే నువ్వు పెట్టలేదు" అని నిలదీస్తాడు. సర్వలోకాలకూ ప్రభువైన నీకు నేను అన్నం పెట్టడమేమిటని మనిషి అడుగుతాడు. నా దాసుడు ఫలానావాడు వచ్చి అడిగాడు కదా, అతనికి పెట్టి ఉంటే ఆ పుణ్యం నా దగ్గర నీకు దొరికేది కాదా అని జవాబు వస్తుంది. దేవుడు మనిషి రూపం ధరించాడన్న మాటను ససేమిరా ఒప్పుకోని మతం, ఆకలిగొన్నవాడి తరఫున మాత్రం దేవుడి చేతనే "నేను అడిగాను" అనిపించింది. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మన వైపు చూస్తే, ఒంటరిగా తినేవాడు పాపాన్నే తింటాడని ఋగ్వేదం పదో మండలం చెబుతుంది. అయినా నిన్ను చదవమనేది పోతన భాగవతంలోని రంతిదేవుడి కథ. కుటుంబంతో సహా 48 రోజులు నీళ్లు కూడా లేకుండా ఉన్న ఆ రాజుకు చివరికి కాస్త అన్నం దొరుకుతుంది. ముద్ద నోట పెట్టబోయే వేళకు ఒకరి తర్వాత ఒకరుగా అతిథులు వస్తారు. ఉన్నదంతా పంచిపెట్టాక మిగిలినవి గుక్కెడు నీళ్లు. అప్పుడు ఊరు దూరం పెట్టిన పుల్కసుడొకడు వచ్చి దాహమంటాడు. "అన్నము లేదు కొన్ని మధురాంబువు లున్నవి త్రావు మన్న! రావన్న!" అని రాజు పిలుస్తాడు. ఆ "అన్న" అనే పిలుపులో ఉన్న ఆదరం నాకు ఏ వ్యాఖ్యానంలోనూ దొరకలేదు.

పెట్టడం దయ కాదు, బాకీ తీర్చడం అన్న భావం కూడా వీరందరిలోనూ ఉంది. యూదుల ధర్మశాస్త్రంలోని లేవీయకాండం, పొలం కోసేటప్పుడు అంచులదాకా కోయవద్దనీ, రాలిన పరిగెను రైతు ఏరుకోకూడదనీ, అది పేదలకూ పరదేశులకూ వదిలెయ్యాలనీ ఆజ్ఞాపిస్తుంది. మన కోనసీమలో కోతల తర్వాత చేలలో పరిగె ఏరుకునేవాళ్లను నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. అక్కడ ఆ హక్కును శాస్త్రమే రాసిచ్చింది. ముస్లింల సంపదలో అడిగేవాడికీ లేనివాడికీ నిర్ణీతమైన హక్కు ఉందని ఖురాన్ అంటుంది. ఒక పరిమితికి మించి ఏడాది పాటు నిలిచిన సొమ్ములో నలభయ్యో వంతు, అంటే లక్షకు 2,500 రూపాయలు, జకాత్‌గా తీసి ఇవ్వాలి. సిక్కులు సంపాదనలో పదో వంతును దస్వంద్ పేరుతో తీసి ఇస్తారు.

ఎలా పెట్టాలన్న దానిమీద కూడా వీరి మధ్య పొత్తు కుదరడం నాకు మరీ విలువైనదిగా తోస్తుంది. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని ఏసు అన్నాడు. అదే పోలిక హదీసులోనూ ఉంది. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమొనిడీస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా విభజించి, మళ్లీ చెయ్యి చాచే అవసరం లేకుండా అప్పో, పనో, వ్యాపారంలో పొత్తో ఇచ్చి మనిషిని నిలబెట్టడాన్ని అన్నిటికంటే పైన ఉంచాడు. తైత్తిరీయోపనిషత్తు "హ్రియా దేయమ్", అంటే బిడియంతో ఇవ్వాలి, అంటుంది. బిడియపడవలసినది పుచ్చుకునేవాడు కాదు, ఇచ్చేవాడు. ఇప్పుడు అన్నదానం చేసే చోట అన్నపు గంగాళం కంటే ముందు దాతల ఫ్లెక్సీలు కనబడుతుంటే ఆ ఉపనిషత్తు ఎవరికోసం చెప్పారో అనిపిస్తుంది.

గ్రంథాల్లో ఉన్నంత విశాలం మనుషుల్లో లేదన్న సంగతి కూడా దాచకుండా చెప్పాలి. రంతిదేవుడి కథను పురాణ కాలక్షేపంలో విని చెమ్మగిల్లిన కళ్లతోనే కులాన్ని బట్టి వేరు పంక్తులు వేసిన ఊళ్లు మనవి. అందుకే సిక్కుల మూడో గురువు అమర్‌దాస్, తన దర్శనానికి వచ్చేవాళ్లు ముందు అందరితో పాటు పంక్తిలో కూర్చుని తినాలని పెట్టిన నియమం నాకు ఉపదేశాలన్నిటికంటే గట్టిదిగా కనబడుతుంది. మన దగ్గర లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళాపాళా, కులం, మతం చూడకుండా గోదావరి దాటి వచ్చిన బాటసారులకు వండి వడ్డించారు. గోదావరి పాయ వైనతేయ మీద మనం దాటే అక్విడక్టుకు ఉన్నది ఆ తల్లి పేరే.

కాబట్టి ఈసారి వాదన వస్తే, దేవుడి దగ్గర మొదలుపెట్టకుండా అన్నం దగ్గర మొదలుపెట్టి చూడు. నీ సిక్కు స్నేహితురాలు ఆదివారం బంగ్లా సాహిబ్ గురుద్వారాకు రమ్మన్నదని రాశావు; తప్పక వెళ్లు. నేల మీద పంక్తిలో కూర్చుని తిని, తర్వాత గిన్నెలు కడిగేచోట కాసేపు నిలబడు. ఇఫ్తారుకు పిలిచిన అమ్మాయి ఇంటికి ఖర్జూరాలు తీసుకుని వెళ్లు. మాంసం తినవని ముందే చెబితే వాళ్లేమీ అనుకోరు. పండుగ నమాజుకు ముందే ఇంట్లో తలకింత చొప్పున లెక్కగట్టి పేదలకు ఇచ్చే ఫిత్రాను వాళ్లు ఏ లెక్కన తీస్తారో, గోధుమలుగానా, డబ్బుగానా, ఎవరికి అందజేస్తారో వాళ్లమ్మగారిని అడిగి నాకు వివరంగా రాయి.

ఇట్లు
మీ నాన్న